దుమ్ము పోయేదెక్కడికి?

బెజవాడలో కాపురం చేసే ఇల్లాలికి దుమ్ము సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. పొద్దున ఊడ్చిన వసారాలో మధ్యాహ్నానికి పాదముద్ర పడుతుంది. లారీలు రేపే దుమ్ము కొంత, వేసవిలో ఎండిన కాలవగట్ల మట్టి కొంత, ఏడాది పొడుగునా ఏదో ఒక సందులో సాగే కట్టుబడి సిమెంటు కొంత. ఇది చాలదన్నట్టు 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినై. నీళ్ళు తీశాక ఫైరింజన్లు వచ్చి ఇళ్ళు కడిగినై గాని, ఒండ్రు అంతటితో వదలలేదు. అక్కడున్న మా చెల్లెలింట్లో సంక్రాంతినాటికి కూడా అలమర సందుల్లోంచి మెత్తని పొడి రాలుతూనే ఉండేది.

ఈ దుమ్మును మనం రోజూ ఊడుస్తూనే ఉన్నాం. ఊడ్చింది ఎక్కడికి పోతున్నదో ఎప్పుడైనా ఆలోచించారా? చేటలోకి వచ్చేది ఇసక, వెంట్రుకలు, కంటికి ఆనే నలుసులు. సన్నటి దుమ్ము చీపురు తగలగానే గాలిలోకి లేస్తుంది. కొంతసేపు తిరిగి తిరిగి మళ్ళీ మంచాల మీదా, పుస్తకాల మీదా దిగుతుంది. దిగనిది ఊడ్చే మనిషి ముక్కులోకీ, పక్కగదిలో పడుకున్న పిల్లల ఊపిరిలోకీ పోతుంది.

మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ నుంచి ఉబ్బసం. రాత్రి రెండు గంటలప్పుడు పిల్ల లేచి కూర్చుని ఎగశ్వాస తీస్తూంటే, ఆ గదిలో దుమ్మన్న మాట చిన్న మాటగా వినిపించదు. "మందు నేను రాస్తాను. దుమ్ము సంగతి మీరు చూసుకోండి" అన్నారు డాక్టరుగారు. "అత్తయ్యా, వాక్యూమ్ క్లీనర్ కొందామా?" అన్నది కోడలు. మూడు వారాలపాటు బందరు రోడ్డు షాపులు తిరిగాం. ఆ తిరుగుడులో తెలుసుకున్నవి, అదే పనిమీద ఉన్న సోదరీమణులకు పనికొస్తాయని రాస్తున్నాను.

దిండుగలీబు నుంచి గరాటు దాకా

దుమ్ము పీల్చే మిషను పుట్టుక కథ సరదాగా ఉంటుంది. 1901లో లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, దుమ్మును ఊదే యంత్రాన్నొకదాన్ని చూసి, "ఊదడమెందుకు, పీలిస్తే పోదా?" అనుకున్నాడట. హోటల్లో కుర్చీ మెత్త మీద చేతిరుమాలు పరిచి, నోరు ఆనించి గట్టిగా పీల్చాడు. దగ్గొచ్చింది గాని, రుమాలు అడుగున నల్లగా మచ్చ కూడా పడింది. ఆయన కట్టిన మిషను గుర్రపుబండంత ఉండేది. వీధిలో ఆపి, కిటికీల్లోంచి గొట్టాలు లోపలికి పంపి ఇళ్ళు శుభ్రం చేసేవారు.

ఇంట్లో పట్టే మిషను చేసినవాడు అమెరికాలో కాంటన్ అనే ఊళ్ళో ఒక పెద్ద దుకాణం ఊడ్చే ఉద్యోగి, జేమ్స్ మర్రే స్పాంగ్లర్. ఆయనకూ ఉబ్బసమే. ఊడ్చినప్పుడల్లా ఆయాసం. ఆ బాధ పడలేక 1907లో ఒక ఫ్యాను మోటారు, చీపురుకర్ర, దిండుగలీబు కలిపి మిషను తయారుచేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని హూవర్ అనే తోలుసామాన్ల వ్యాపారి కొన్నాడు. ఆ దిండుగలీబే తరవాత వచ్చిన మిషన్ల సంచీకి పెద్దమ్మ. మనదేశంలో 1982లో యురేకా ఫోర్బ్స్ కంపెనీ ఏర్పడినాక, టై కట్టుకున్న కుర్రాళ్ళు గుమ్మం దగ్గరికే వచ్చి మిషను ఆడించి చూపించేవారు. అవీ సంచీ మిషన్లే.

సంచీతో చిక్కేమిటంటే, గాలి పోవలసింది గుడ్డ రంధ్రాల్లోంచి. దుమ్ము నిండేకొద్దీ రంధ్రాలు పూడుకుంటాయి, పీలుపు తగ్గుతుంది. ఇంగ్లండులో జేమ్స్ డైసన్ అనే ఆయన ఈ చిక్కుతో విసిగి, ఒక కోత మిల్లు కప్పు మీద రంపపుపొట్టును గాలినుంచి విడదీసే రేకు గరాటును చూశాడు. అదే పని చిన్న ఎత్తున ఇంట్లో జరగదా అనుకున్నాడు. 5,127 నమూనాలు చేస్తేగాని కుదరలేదు. 1986లో జపానులో అమ్మకానికి వచ్చింది. 1993లో సొంత పేరుతో ఇంగ్లండులో పెట్టాడు. ఇవాళ షాపుల్లో కనిపించే సంచీ లేని మిషన్లన్నీ చాలామటుకు ఆ దారిలో నడిచేవే.

"ఆ గరాటు చూడటానికి ఇంగ్లండు దాకా ఎందుకక్కయ్యా? మా మిల్లుకు రా" అన్నాడు మా తమ్ముడు. వాడికి గుడివాడ దగ్గర రైసుమిల్లు ఉన్నది. కృష్ణా డెల్టాలో రోడ్డు పక్క ఏ మిల్లు చూసినా, కప్పు మీద పైన లావు, కింద సన్నంగా రేకు గరాటు కనబడుతుంది. దాన్ని వాళ్ళు సైక్లోన్ అంటారు. ఫ్యాను లాగిన గాలి తవుడుతోసహా గరాటు అంచువెంట పక్కనుంచి దూరుతుంది. దూరి గిర్రున తిరుగుతుంది. బరువున్న తవుడు అంచుకు విసిరేసినట్టు పోయి గోడ తగిలి కిందికి జారుతుంది. తేలికైన గాలి నడిమధ్య నుంచి పైకి పోతుంది. కళ్ళంలో తూర్పారబట్టడం మనకు తెలిసిందే గదా, అదే గాలిని గుండ్రంగా కట్టేసి చేయించడమన్నమాట.

సైక్లోనంటే దివిసీమవారికి 1977 నవంబరు 19 గుర్తుకొచ్చి గుండె జలదరిస్తుంది. పాము చుట్ట అనే అర్థమిచ్చే గ్రీకు మాటనుంచి, తుపానులకు ఆ పేరు పెట్టినవాడు కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్. అది పందొమ్మిదో శతాబ్దం నడుమ సంగతి. ఆ చుట్టనే వేలెడు గొట్టంలో బిగించి ఇంటి పనికి పెట్టారు.

గరాటు పట్టలేనిది

ఇక్కడే షాపువాడు చెప్పని సంగతి ఒకటున్నది. గరాటుకు బరువున్నదే చిక్కుతుంది. అతి సన్నటి దుమ్ము గాలితోపాటే పైకి పోతుంది. దాన్ని ఆపవలసింది ఫిల్టరు. హెపా అనే రకం ఫిల్టరు మిల్లీమీటరులో మూడువేల మూడువందలో వంతున్న (0.3 మైక్రాను) రేణువుల్ని కూడా నూటికి 99.97 వంతులు పట్టాలని లెక్క. అయితే ఫిల్టరు ఎంత మంచిదైనా, దాని చుట్టూ రబ్బరు సరిగా అతకకపోతే గాలి పక్కదారిన పోతుంది.

అందుకని షాపులోనే ఒక పరీక్ష పెట్టండి. గుప్పెడు గోధుమపిండి పీల్పించి, గాలి బయటికి వచ్చేచోట తడిపిన నల్లగుడ్డ పట్టి చూడండి. గుడ్డ తెల్లబడితే ఆ మిషను దుమ్ము తీయడం లేదు, ఒకచోటి దుమ్ము ఇంకోచోటికి చేరుస్తున్నది. బూత్‌గారి చేతిరుమాలు పరీక్షే ఇదీను. మేము నాలుగు మిషన్లకు ఈ పరీక్ష పెట్టాం. ఒకచోట అమ్మకం కుర్రాడు నవ్వాడు. రెండోచోట గుడ్డ మీద పిండి చూసి తనే ఆశ్చర్యపోయాడు.

తరవాత డబ్బా ఖాళీ చేయించి చూడండి. సంచీ మిషనులో కాయితం సంచీ నిండితే మూతి మూసి పారేయవచ్చు. దుమ్ము మళ్ళీ కంటబడదు. కాని సంచీలు కొంటూనే ఉండాలి, మన ఊళ్ళో దొరుకుతూనే ఉండాలి. సంచీ లేనిదానికి ఆ ఖర్చు లేదు. దానికి బదులు మూడు నాలుగు రోజులకొకసారి డబ్బా తెరవాలి. తెరిచిన క్షణాన పట్టిందంతా మొహాన లేవవచ్చు. కాబట్టి ఉబ్బసం మనిషే ఆ పని చేసుకోవలసిన ఇంటికైతే కాయితం సంచీ రకమే మేలని నా అభిప్రాయం. ఇంకొకరు చేసే వీలుంటే సంచీ లేనిది నిక్షేపంగా కొనవచ్చు. మీట నొక్కితే అడుగు తెరుచుకుని, చెయ్యి పెట్టకుండా దుమ్ము ఉండగా రాలేది చూసుకోండి. ఇంట్లో కాదు, పెరట్లోనో డాబా మీదో, గాలికి వీపు పెట్టి, ముక్కుకు మాస్కు కట్టుకుని, డబ్బాను కవరులోకి దించి తెరవాలి.

ఫిల్టరు కడిగేదా, మార్చేదా అని అడగండి. కడిగేదైతే పూర్తిగా ఆరితే తప్ప బిగించగూడదు. తడి ఫిల్టరు బూజు పడుతుంది, మోటారూ పాడవుతుంది. మన శ్రావణ భాద్రపదాల్లో ఒక రోజులో ఆరుతుందన్న నమ్మకం లేదు. రెండో ఫిల్టరు మిషనుతోపాటే కొనుక్కోండి.

వాట్లు, ప్లగ్గులు, బరువులు

డబ్బా మీద పెద్ద అక్షరాలతో 2000 వాట్లని వేస్తారు. అది మిషను తినే కరెంటు గాని, చేసే పని కాదు. యూరపులో 2017 నుంచి 900 వాట్లకు మించిన ఇంటి మిషను అమ్మరాదని నిబంధన వచ్చింది. అక్కడి ఇళ్ళు మురికిపట్టిపోలేదు గదా! పైగా మన గోడల్లో చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టుల లెక్కన 1,380 వాట్లు దాటితే దానికి శక్తి చాలదు, 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు కావాలి. మీ పడకగదిలో అది ఉన్నదా? చూసుకుని వెళ్ళండి.

తీగ లేని బ్యాటరీ రకం చేతికి తేలిక. మేడమెట్లకూ, ఫ్యాను రెక్కలకూ బాగుంటుంది. అయితే డబ్బా చిన్నది, పూర్తి జోరులో పెడితే కొద్ది నిమిషాలకే చార్జింగు అయిపోతుంది, కొన్నేళ్ళకు బ్యాటరీ మార్చాలి. రోజూ ఇల్లంతా చేయాలనుకుంటే తీగ రకమే నమ్మకం.

మన ఇళ్ళల్లో తివాచీలు తక్కువ, మొజాయిక్కూ నాపరాళ్ళూ ఎక్కువ. కనుక తిరిగే బ్రష్షు కంటే మెత్తటి కుచ్చు బ్రష్షు ముఖ్యం. తిరిగే దానికి జడ వెంట్రుకలు చుట్టుకుంటాయి, వారం వారం కత్తెరతో కోయాలి. పరుపు మూతి, సందుల మూతి విడిగా ఉండాలి. కొండపల్లి బొమ్మల కొలువుకు మాత్రం మిషను జోరు తగ్గించే మీట ఉన్నదో లేదో చూడండి. తెల్లపొణికి చెక్క బొమ్మ తేలిక, చెయ్యి విరిగితే ఏడ్చేది పిల్లలే.

తడి ఒండ్రు, వేడి సాంబ్రాణి బూడిద, ముగ్గుపిండి మామూలు మిషనుకు పెట్టరాదు. మొదటిది మోటారుకు చేటు, రెండోది నిప్పు, మూడోది ఫిల్టరును క్షణంలో పూడుస్తుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మిషను ఉబ్బసానికి మందు కాదు. పరుపుల్లో ఉండే కంటికానని పురుగులు దారాలను పట్టుకుని వేలాడతాయి, పీలిస్తే అన్నీ రావు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి అరవై డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. మిషను ఆడేటప్పుడూ, ఆ తరవాత కాసేపూ పిల్లను ఆ గదిలోకి రానివ్వగూడదు. డాక్టరుగారిచ్చిన మందు ఆపగూడదు.

మా ఇంట్లో మిషను మాట వినపడ్డ రోజున పనిమనిషి చీపురు పక్కన పెట్టి, "అమ్మగారూ, అదొస్తే నన్ను మానిపిస్తారా?" అని అడిగింది. పన్నెండేళ్ళుగా మా దుమ్ము పీల్చిన మనిషి. ఆమె దగ్గును చలికాలం దగ్గనే అనుకుంటూ వచ్చాం. "మానిపించడానికి కాదు, నీ చేతికివ్వడానికే" అన్నాను. అన్నమాట ప్రకారం ఆఖరి రెండు మిషన్లలో ఏది తీసుకోవాలో తేల్చేందుకు ఆమెను షాపుకు తీసుకెళ్ళాం. మా వారికి నచ్చినదాన్ని రెండడుగులు లాగి చూసి, "దీంతో వంగాలమ్మా, నడుం పట్టేస్తది" అన్నది. రెండోదాని గొట్టం ఆమె ఎత్తుకు సాగింది. అదే కొన్నాం. తడిగుడ్డ ఇప్పటికీ ఆమే పెడుతుంది, మిషను కూడా ఆమే నడుపుతుంది, జీతం పైసా తగ్గలేదు. డబ్బా ఖాళీ చేయడం మాత్రం ఆదివారం పొద్దున, బుధవారం పొద్దున మా వారి వంతు. మాస్కు కట్టుకుని, కవరు పట్టుకుని డాబా ఎక్కుతారు.

పిల్లకు రాత్రిళ్ళు ఆయాసం పూర్తిగా పోయిందని రాయను. మందులు నడుస్తున్నై, దుప్పట్లు ఉడుకుతున్నై, మిషను ఆడుతున్నది. కిందటి నెలలో రెండుసార్లే లేచింది.