బడ్జీ పిట్టకు కొలత ఎవరు పెట్టారు?

హుస్సేనీ ఆలం నుంచి చార్మినార్ వైపు నడిస్తే దారిలో మహబూబ్ చౌక్ వస్తుంది. అక్కడ 1892లో కట్టిన గడియార స్తంభం ఉంది. ఆ చౌక్‌లో చాలా ఏళ్లు కోళ్లు, పావురాలు, రంగురంగుల పిట్టలు అమ్మారు. అందుకే దానికి ముర్గీ చౌక్ అని ఇంకో పేరు వచ్చింది. ముర్గీ అంటే ఉర్దూలో కోడి.

ఈ చుట్టుపక్కల గల్లీల్లో పిట్టలను పెంచే సరదా పాతది. డాబా మీద పావురాల గూళ్లు ఉంటాయి. వరండాలో పంజరం వేలాడుతుంది. అందులో పచ్చవి, పసుపువి, నీలివి చిన్న చిన్న చిలుకలు ఉంటాయి. వాటిని మనం లవ్ బర్డ్స్ అంటాం. నిజానికి అవి లవ్ బర్డ్స్ కావు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా పిట్టలు. మన పంజరాల్లో ఎక్కువగా కనిపించేవి బడ్జెరిగార్లు. పేరు పొడుగ్గా ఉంది కదా! మనం బడ్జీ అందాం.

కొందరు బడ్జీలను ముచ్చట కోసం పెంచుతారు. కొందరు పిల్లలను అమ్మి నాలుగు పైసలు చూస్తారు. ఇంకొందరు ప్రదర్శనలో బహుమతి కోసం పెంచుతారు. బహుమతి ఏ పిట్టకు ఇవ్వాలి? ఇక్కడే వాదన మొదలవుతుంది. ఆ వాదన ఏమిటో తెలుసుకుందాం.

ఎక్కడి పిట్ట?

బడ్జీ సొంత ఊరు ఆస్ట్రేలియా. అక్కడి ఎండు నేలల్లో ఇవి గుంపులు గుంపులుగా తిరుగుతాయి. నీళ్లు, గడ్డి గింజలు ఎక్కడుంటే అక్కడికి ఎగిరిపోతాయి. అడవి బడ్జీ ఒళ్లు ఆకుపచ్చ. ముఖం పసుపు. వీపు మీద నల్లని చారలు. పొడవు 18 సెంటీమీటర్లు. బరువు దాదాపు 30 గ్రాములు.

1840లో జాన్ గూల్డ్ అనే ఇంగ్లండు పక్షి శాస్త్రవేత్త ఆస్ట్రేలియా నుంచి తిరిగి వెళ్తూ బతికున్న బడ్జీలను తీసుకుపోయాడు. అక్కడి జనానికి ఇవి బాగా నచ్చాయి. పంజరంలోనే పిల్లలు పెట్టాయి. కొన్నాళ్లకు పసుపు పిల్లలు, నీలం పిల్లలు పుట్టాయి. రంగులు పెరిగిన కొద్దీ పోటీ పెరిగింది. 1925లో ఇంగ్లండులో బడ్జీ పెంపకందార్లు ఒక సంఘం పెట్టుకున్నారు. మంచి బడ్జీ ఎలా ఉండాలో కాగితం మీద రాసుకున్నారు. దాన్నే ప్రమాణం అంటారు. ఇంగ్లిషులో స్టాండర్డ్ అంటారు.

కాగితంలో ఏముంది?

ఆ ప్రమాణంలోని ముఖ్యమైన మాటలు ఇవి:

నడినెత్తి నుంచి తోక చివరి దాకా పొడవు ఎనిమిదిన్నర అంగుళాలు ఉండాలి.

కర్ర మీద వంగిపోయి కూర్చోకూడదు. మరీ నిటారుగానూ ఉండకూడదు. కొద్దిగా ఏటవాలుగా, ఠీవిగా నిలబడాలి.

తల పెద్దగా, గుండ్రంగా ఉండాలి.

గొంతు మీద గుండ్రని చుక్కలు ఆరు ఉండాలి. వాటి మధ్య ఎడం సమానంగా ఉండాలి.

రెక్కల చివరలు కత్తెరలా ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు.

జడ్జి ఒక్కో పిట్టను చూసి ఇది ఆ కాగితానికి ఎంత దగ్గరగా ఉందో లెక్క కడతాడు. మామూలు రంగుల పిట్టల్లో రంగు కన్నా ఆకారానికి, తలకు విలువ ఎక్కువ.

ఇలా తొంభై, వంద ఏళ్లుగా పెద్ద పిట్టను పెద్ద పిట్టతో జత కడుతూ వచ్చారు. ఫలితం ఏమిటి? ఇవాళ ప్రదర్శన బడ్జీని, మామూలు బడ్జీని పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉండవు. ప్రదర్శన బడ్జీ చాలా పెద్దది. నుదుటి మీద ఈకలు ఉబ్బి ఉంటాయి. ముక్కు ఈకల్లో సగం దాగిపోతుంది. కొన్నిటికి కళ్లు కూడా సరిగా కనపడవు. మామూలు బడ్జీ సన్నగా, చురుగ్గా ఉంటుంది.

వాదన ఎందుకు?

పావురాల పందెం సంగతి చూడండి. ఏ పావురం ఎక్కువ సేపు ఆకాశంలో ఎగిరితే అది గెలిచినట్టు. గడియారం చూస్తే చాలు. బడ్జీ ప్రదర్శన అలా కాదు. అక్కడ గెలిపించేది చూసే కన్ను. మనిషి మనిషికీ చూపు మారుతుంది. అందుకే పెంపకందార్లలో మూడు రకాల మాటలు వినపడతాయి.

మొదటి రకం వాళ్లు ఇలా అంటారు: "ప్రమాణం లేకపోతే ఎవరి పిట్ట వాళ్లకు గొప్ప. కాగితం ఉంటేనే న్యాయం. పెద్ద తల, నిండైన ఈకలు ఒక్క రోజులో రాలేదు. ఎన్నో తరాల కష్టం అది. ఆ కష్టానికి బహుమతి ఇవ్వాలి."

రెండో రకం వాళ్లు ఇలా అంటారు: "పిట్ట అంటే ఎగరాలి. చూడాలి. గుడ్లు పెట్టాలి. పిల్లలను సాకాలి. కళ్లకు ఈకలు అడ్డమొస్తే అది అందమా? జత కట్టేముందు వెనక భాగంలో ఈకలు కత్తిరిస్తే గాని గుడ్లు ఫలించడం లేదు. ఇదేం పెంపకం?"

మూడో రకం వాళ్లు ఇంకో మాట అంటారు: "కాగితంలో తప్పు లేదు. అందులో అన్నీ సమతూకంగా ఉండాలనే ఉంది. కాని బల్ల దగ్గర నిలబడ్డాక అందరి కన్నూ పెద్ద తల మీదే పడుతోంది. జడ్జి దేనికి బహుమతి ఇస్తే పెంచేవాడు అదే పెంచుతాడు. మారాల్సింది కాగితం కాదు, చూపు."

మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కాని ఈ వాదనలో పిట్టకు నోరు లేదు. దాని తరఫున మనమే ఆలోచించాలి. అందుకు పిల్లలు ఎలా పుడతాయో తెలియాలి.

దాగి ఉండే గుణాలు

ముందు రంగు సంగతి చూద్దాం. అచ్చమైన ఆకుపచ్చ బడ్జీని, నీలం బడ్జీని జత కట్టారనుకోండి. పిల్లలన్నీ ఆకుపచ్చగానే పుడతాయి. నీలం ఏమైంది? పోలేదు. లోపల దాగి ఉంది. అలా నీలం దాచుకున్న రెండు ఆకుపచ్చ పిట్టలను జత కడితే, సగటున నాలుగు పిల్లల్లో ఒకటి నీలంగా పుడుతుంది. తల్లి పచ్చన, తండ్రి పచ్చన, పిల్ల నీలం! ఇది మాయ కాదు. పుట్టుకలోని లెక్క.

లోపాలు కూడా ఇలాగే దాగి ఉంటాయి. ప్రదర్శన బడ్జీల్లో అప్పుడప్పుడు ఒక వింత పిల్ల పుడుతుంది. దాని ఈకలు పెరగడం ఆగదు. పొడుగ్గా, వంకరగా పెరుగుతూనే ఉంటాయి. కళ్లు మూసుకుపోతాయి. అది ఎగరలేదు. నీరసించి చిన్న వయసులోనే చనిపోతుంది. చూడటానికి దుమ్ము దులిపే ఈకల కుంచెలా ఉంటుంది. అందుకే దీన్ని ఫెదర్ డస్టర్ అంటారు. తల్లి, తండ్రి పైకి చక్కగానే ఉంటాయి. లోపం మాత్రం రెండింటిలోనూ దాగి ఉంటుంది.

అన్నాచెల్లెళ్లను, తండ్రీకూతుళ్లను మళ్లీ మళ్లీ జత కడితే ఇలాంటి లోపాలు బయటపడే ప్రమాదం పెరుగుతుంది. పెద్ద తల త్వరగా రావాలని కొందరు ఆ పనే చేస్తారు. తల వస్తుంది. దాని వెంట లోపమూ రావచ్చు.

జత కట్టేటప్పుడు

పెద్ద మగదానికి ముక్కు పైని మెత్తని తోలు ఎక్కువగా నీలంగా ఉంటుంది. గుడ్లు పెట్టే వయసు ఆడదానికి గోధుమ రంగులో ఉంటుంది. కొన్ని రంగుల పిట్టల్లో ఈ గుర్తు మారుతుంది.

ఏడాది నిండని పిట్టలను తొందరపడి జత కట్టకండి. ఏడాదికి రెండు ఈతలు చాలు. ఎక్కువైతే ఆడపిట్ట నీరసిస్తుంది. మన దగ్గర మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో జత కట్టవద్దు.

మన దగ్గర గూడు కోసం చిన్న మట్టి కుండ కడతారు. చెక్క పెట్టె అయితే అడుగున గుంట ఉండాలి. చదునుగా ఉంటే పిల్లల కాళ్లు పక్కలకు జారి వంకరపోతాయి.

ఆడపిట్ట రోజు విడిచి రోజు గుడ్డు పెడుతుంది. మామూలుగా నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. గుడ్డు పొదగడానికి 18 రోజులు పడుతుంది. పిల్ల దాదాపు 35 రోజులకు గూడు వదులుతుంది.

కొర్రలు, వరిగలు, సజ్జలు బడ్జీలకు ఇష్టం. ఆకుకూరలు కడిగి పెట్టండి. సముద్రపు నురుగు అనే తెల్లని గుల్ల పంజరంలో కట్టండి. గుడ్డు పెంకుకు కావలసిన సున్నం అందులో ఉంటుంది. నీళ్లు రోజూ మార్చండి. పిల్లి, ఎలుక, చీమ చేరకుండా చూడండి.

నోటు పుస్తకమే పెద్ద పెట్టుబడి

ప్రదర్శన పిట్టలను పెంచేవాళ్లు పిల్లకు దాదాపు వారం వయసులో కాలికి చిన్న కడియం తొడుగుతారు. దాని మీద అంకెలు ఉంటాయి. కాలు పెరిగాక ఆ కడియం ఊడదు. జీవితాంతం అదే దాని గుర్తు.

కడియం ఉంటే చాలదు. పుస్తకంలో రాసుకోవాలి. ఇలా రాయండి:

మగది 17, ఆకుపచ్చ. ఆడది 22, నీలం. మొదటి గుడ్డు నవంబరు 4. మొదటి పిల్ల నవంబరు 22. పిల్లలు ఐదు. అన్నీ ఆకుపచ్చ. తల్లి బాగా సాకింది.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఎంతసేపు? రెండు నిమిషాలు. రెండేళ్ల తర్వాత ఏది ఎవరి పిల్లో ఈ పుస్తకమే చెబుతుంది. ఏ జతలో లోపం ఉన్న పిల్ల పుట్టిందో చెబుతుంది. ఆ జతను మళ్లీ కట్టకుండా ఆపుతుంది. పిల్లను కొనేవాళ్లకు చూపించవచ్చు. మాట కన్నా రాతకు నమ్మకం ఎక్కువ.

ఒక్క జాగ్రత్త. బడ్జీ మన దేశపు పిట్ట కాదు కనుక ఇంట్లో పెంచుకోవచ్చు. మన రామచిలుకను పట్టుకున్నా, అమ్మినా, పంజరంలో పెట్టినా నేరం. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం అలా చెబుతోంది.

మరి ఏ కొలత మంచిది?

ప్రమాణం దేవుడు రాసింది కాదు. మనుషులు కూర్చుని రాసుకున్నారు. మనుషులు రాసినదాన్ని మనుషులు చదవవచ్చు, ప్రశ్నించవచ్చు, మార్చుకోవచ్చు. పెద్ద తల కావాలనుకుంటే కోరుకోండి. కాని దానికి ముందు నాలుగు ప్రశ్నలు వేయండి. ఈ పిట్టకు కళ్లు కనపడుతున్నాయా? ఇది హాయిగా ఎగురుతోందా? తనంతట తాను తింటోందా? పిల్లలను సాకుతోందా? నాలుగింటికీ అవును అనే జవాబు వస్తేనే తల కొలవండి, చుక్కలు లెక్కపెట్టండి.

మాట్లాడుకోండి

1. ప్రమాణం గురించి మూడు రకాల మాటలు చదివారు. మీరు ఎవరి వైపు? ఎందుకు?

2. ఆకుపచ్చ తల్లిదండ్రులకు నీలం పిల్ల ఎలా పుడుతుంది? మీ పక్కవారికి వివరించండి.

3. మీ ఇంట్లో కోడి, మేక, పావురం, పిట్ట ఏది ఉన్నా సరే. దాని గురించి ఇవాళ నోటు పుస్తకంలో ఐదు వాక్యాలు రాయండి.