గంట కొట్టు చేయి

వైనతేయ గోదావరి కడలిలో కలియు చోటు ఓడలరేవు. అట్టి ఊరి బడిలో గంట కొట్టుచు, గదులు ఊడ్చుచు, నడివయసున ‘నా బ్రదుకింతేనా?’ యని కుములు బంట్రోతునకు దారి చూపునది ఆ పనియే.

బీరువాలోని పుస్తకములు సర్దునపుడు మనసు నిలుచునా? గ్రంథాలయ శిక్షణ అతని బాట. ప్రయోగశాలలో గాజుగొట్టములు కడుగునపుడు కుతూహలము రేగునా? విజ్ఞానశాస్త్రమే అతని బాట.

పిల్లల సరసన మరల కూర్చుండవలెనని సిగ్గుపడ నక్కరలేదు. 1991లో ఏర్పడిన సార్వత్రిక విద్యాపీఠము కొలువు చేసికొనుచునే పదవ తరగతి, ఇంటర్మీడియేట్ ముగించు వీలు కల్పించినది.

నెలజీతముపై ఇల్లు నిలిచియున్నది. దానిని తొందరపడి విడువరాదు. ఇసుక మేటవేసిన మొగ దాటవలసిన పడవ పోటుకై వేచియుండును. కాని లంగరెత్తుటకు సిద్ధపడియే వేచియుండును.