తలుపు తట్టింది ఎవరు?

మీ ఇంట్లోనూ ఇంతేనేమో! ఉదయం ఆరింటికి ఎ షిఫ్టు అంటే ఐదింటికల్లా కేరియరు సిద్ధంగా ఉండాలి. ఆయన్ను పంపించి, పిల్లల జడలు, టిఫిను బాక్సులు, అత్తగారి మందులు అయ్యేసరికి తొమ్మిది దాటుతుంది. ఈ హడావుడిలో మనకు దేవుని పిలుపు వినపడేదెప్పుడు? అది పాస్టరుగార్లకో, కాన్వెంటు సిస్టర్లకో వచ్చేదిలే అని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను. అలా అనుకుని ఏం పోగొట్టుకున్నానో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

కొన్నేళ్ల క్రితం ఉక్కునగరంలో మా క్వార్టరు కింది వాటాలోకి శ్రీకాకుళం వైపు నుంచి ఓ కొత్త జంట వచ్చింది. ఆ అమ్మాయికి తొమ్మిదో నెల. పురిటికి ఇంకా రెండు వారాలు గడువుందన్నారు. ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను స్త్రీల కూడికకు బయల్దేరుతున్నాను. ఆ రోజు వాక్యం చెప్పాల్సింది నేనే. చేతిలో బైబిలు, కాళ్లకు చెప్పులు. తలుపు చప్పుడైంది.

"అప్పా, నడుము ఏటో లాగేస్తంది. ఆయన బి షిఫ్టుకెల్లిపోనారు. కాసేపు నా కాడ ఉంటావా?" అంది.

"ప్రార్థన అవగానే వచ్చేస్తానమ్మా, కాసిని వేణ్ణీళ్లు తాగి పడుకో" అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో!

తిరిగొచ్చేసరికి కింద తాళం వేసి ఉంది. ఎదురు బ్లాకు ఆవిడ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లిందట. దేవుని దయవల్ల తల్లీబిడ్డా క్షేమం. కానీ ఆ పిల్ల మళ్లీ ఎప్పుడూ నా తలుపు తట్టలేదు. మెట్ల దగ్గర ఎదురైతే నవ్వేది, అంతే. రెండు మాటలు తిట్టినా బాగుండును అనిపించేది.

తర్వాత ఒక ఆదివారం మా అబ్బాయికి సండేస్కూలు పాఠం చదివిస్తున్నాను. బాలుడైన సమూయేలు కథ. రాత్రివేళ తన పేరు వినిపిస్తే, చూపు మందగించిన యాజకుడు ఏలీ పిలిచాడనుకుని సమూయేలు ఆయన దగ్గరికి పరుగెత్తుతాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మావాడు, "మూడుసార్లు లేవాల్సొచ్చినా విసుక్కోలేదా అమ్మా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. దేవుని పిలుపు ఆ పిల్లవాడికి ముసలాయన పిలుపులాగే వినిపించింది. ఆయన కోసం లేచే అలవాటు ఉంది గనకే నాలుగోసారి దేవునికి జవాబివ్వగలిగాడు. నాకది కింది వాటా పిల్ల గొంతులో వినిపించింది. నేను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాను.

గుంటూరులోని కుగ్లర్ ఆస్పత్రి పేరు మీరు వినే ఉంటారు. అమెరికా నుంచి లూథరన్ మిషను తరఫున డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. డాక్టరు చదువు చదివిన మనిషి. అయినా మిషను పెద్దలు మొదట ఆవిణ్ణి వైద్యానికి కాకుండా స్త్రీలకు, ఆడపిల్లలకు చదువు చెప్పే పనికి పంపారు. ఆవిడ అలిగి కూర్చోలేదు. అప్పగించిన పని చేస్తూనే, మగ డాక్టరుకు చూపించుకోలేని ఆడవాళ్లకు వైద్యం చేశారు. 1885లో గాని ఆవిణ్ణి వైద్య మిషనరీగా నియమించలేదు. ఆస్పత్రి తెరిచేసరికి 1898 వచ్చింది. అంటే పదిహేనేళ్లు! 1930లో ఆవిడ గుంటూరులోనే కన్నుమూశారు. ఆస్పత్రి కట్టాకే సేవ చేస్తానని కూర్చుని ఉంటే ఆ పదిహేనేళ్లలో ఎందరు తల్లులకు దిక్కు లేకపోయేదో!

మన విశాఖపట్నానికే 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ వచ్చారు. తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు. వారి వెనక వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ తెలుగు చేసిన కొత్త నిబంధన 1818లో అచ్చయింది. ఒకరు ఎసరు పెడితే ఇంకొకరు అన్నం వార్చినట్టు. పూర్తి చేసే భాగ్యం మనకు ఉన్నా లేకపోయినా, మొదలుపెట్టడం మన చేతిలో పనే కదా!

మరి వినపడ్డ ప్రతి గొంతూ పిలుపేనా అంటారా? కాదు. పిలుపు పేరుతో ఇల్లు గాలికి వదిలేయకూడదు. సి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకున్న మనిషి నిద్ర చెడగొట్టి కీర్తనలు పాడితే అది సేవ అనిపించుకోదు. ఎక్కడికి వెళ్తున్నా ఇంట్లో చెప్పి, మాట కలుపుకుని వెళ్లండి. పెద్ద నిర్ణయమైతే నమ్మకమైన పెద్దల్ని అడగండి. ఆ గొంతు ఎవరిదో సమూయేలుకు చెప్పింది కూడా ఏలీయే. "దేవుడు మీ గాజులు అడుగుతున్నాడు" అని ఎవరైనా అంటే ఆ పూటే తీసి ఇవ్వకండి. నాలుగు రోజులు ఆగి, ఆయనతో మాట్లాడండి. దేవుని పిలుపైతే నాలుగు రోజుల్లో ఎక్కడికీ పోదు.

కానీ పక్కింటి నొప్పి నాలుగు రోజులు ఆగదు. తేడా అక్కడే ఉంది.

చిన్నదానితోనే మొదలుపెట్టండి. మా అమ్మ అన్నం వండే ముందు రోజూ పిడికెడు బియ్యం వేరే కుండలో వేసేది. నెల తిరిగేసరికి అది సంఘంలో ఒక పేదింటికి చేరేది. ఆవిడ ఏనాడూ వేదికెక్కి వాక్యం చెప్పలేదు.

ఆ శుక్రవారం నేను చెప్పిన వాక్యం ఏమిటో ఇప్పుడు నాకే గుర్తులేదు. గుమ్మంలో నడుము పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల మాత్రం గుర్తుంది. వాళ్లు క్వార్టరు ఖాళీ చేసి వెళ్లి చాలాకాలమైంది. ఇప్పుడు తలుపు చప్పుడైతే, పోపు మాడినా సరే, ముందు పొయ్యి కట్టేసి వెళ్తాను.