రాయిగా మారే పూత

పాత మండువా లోగిళ్లలోనూ, కోటల్లోనూ గోడలకు కనిపించే నున్నని సున్నపు పూతను గచ్చు అంటారు. సిమెంటు రాకతో మరుగునపడిన ఈ పనితనాన్ని కొత్త ఇళ్లు కట్టేవారు కొందరు హాలు గోడలకూ, స్నానాల గదులకూ మళ్లీ కోరుకుంటున్నారు. 1591 నాటి చార్మినార్ మీది లతలూ పూలూ కూడా సున్నపు గారతో దిద్దినవే కనుక, తెలుగువారికి ఇది దిగుమతి సరుకు కాదు.

సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడిమిలో కాల్చినప్పుడు అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. మిగిలిన పొడిసున్నం మీద నీళ్లు పోస్తే అది కుతకుత ఉడికి, వెన్నలాంటి ముద్దగా మారుతుంది. గోడకెక్కిన ఈ ముద్ద గాలిలోని అదే వాయువును తిరిగి పీల్చుకుంటూ నెమ్మదిగా మళ్లీ సున్నపురాయి అవుతుంది కనుక, గచ్చు ఆరుతుందనడం కన్నా రాయి కడుతుందనడమే సబబు. తొందరపడి ఎండబెడితే ఈ మార్పు సగంలో ఆగిపోయి పూత పొడిపొడిగా రాలుతుంది; అందుకే మేస్త్రీలు దాన్ని రోజుల తరబడి తడుపుతూనే ఉంటారు.

పూర్వం సున్నాన్నీ ఇసుకనూ ఎద్దులు తిప్పే రాతిచక్రపు గానుగలో నలిపి, బెల్లపు నీళ్లూ, కరక్కాయలు నానబెట్టిన కషాయమూ కలిపేవారు. పాళ్లు ఊరికొక తీరు, మేస్త్రికొక తీరు. చెట్టినాడు భవనాల్లో పై పూతకు కోడిగుడ్డు తెల్లసొన వాడితే, జైపూరు ప్రాంతపు అరాయిష్ అనే పూత‌లో పాలరాతి పొడి చేరింది.

అసలు పనితనమంతా చివరి మెరుగులోనే ఉంది. పూత మరీ పచ్చిగా ఉంటే మెరుగుపెట్టే రాయి దాన్ని చీరేస్తుంది, బిగిసిపోయాక రుద్దితే మెరుపు రాదు. ఈ రెంటికీ నడుమ, వేలితో నొక్కితే తడి అంటీ అంటనట్టు ఉండే కొద్ది సమయంలోనే పనివాడు అకీకు రాయితో గోడను గట్టిగా నొక్కుతూ పాముతాడు. రేణువులు దగ్గరపడి ఉపరితలం బిగుసుకున్నకొద్దీ వెలుతురు దాని మీద జారడం మొదలవుతుంది; కనుక ఆ నిగనిగ పైన పూసిన రంగుది కాదు, గోడదే. మొరాకోలోని మరాకెష్ పనివారు తమ తదెలాక్త్ అనే సున్నపు పూత‌కు ఆలివ్ నూనె సబ్బు కూడా పట్టిస్తారు. సబ్బులోని కొవ్వు సున్నంతో కలిసి నీటిలో కరగని పొరగా మారుతుంది కాబట్టే హమ్మాములనే స్నానశాలల గోడలకు ఆ పూత చెల్లింది.

గచ్చు చెమ్మను లోపల బంధించకుండా బయటికి పోనిస్తుంది. పాత సున్నపు గోడకు సిమెంటుతో మరమ్మతు చేస్తే ఆ దారి మూసుకుపోయి, చెమ్మ లోపలే నిలిచి గోడను దెబ్బతీస్తుంది. హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో మునుపు వేసిన సిమెంటు పూతలను తొలగించి మళ్లీ సున్నపు గార వేయడానికి కారణం ఇదే.

డబ్బాల్లో అమ్మే ‘సున్నపు రూపు’ రంగుల్లో చాలావాటిలో సున్నం కన్నా ప్లాస్టిక్ జిగురే ఎక్కువ; ఆ జిగురు ఎక్కిన గోడ ఊపిరి పీల్చదు. అసలు గచ్చుకూ ఒక బలహీనత ఉంది: ఆమ్లం సున్నాన్ని తినేస్తుంది. స్నానాల గదిలో వేయించుకున్నవారు యాసిడ్ కలిసిన క్లీనర్లనూ, నిమ్మరసాన్నీ దరిచేరనీయకుండా మెత్తని గుడ్డతో, సబ్బునీళ్లతో మాత్రమే తుడవాలి.