పూడిక పట్టని పొర

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు పాడై డయాలిసిస్ మీద ఆధారపడ్డవాళ్ల రక్తం వెళ్లి వచ్చే గొట్టం పేరు డయలైజర్. అందులో దాదాపు 10,000 సన్నని బోలు దారాలుంటాయి. ఒక్కోదాని లోపలి వ్యాసం మిల్లీమీటరులో ఐదో వంతు, గోడ మందం అందులోనూ ఐదో వంతే. ఆ గోడే వడపోత పొర. యూరియాను బయటకు పోనివ్వాలి, రక్తకణాలనూ అల్బుమిన్‌నూ ఆపాలి. గంటల తరబడి ఒత్తిడి పడ్డా చిట్లకూడదు, మాంసకృత్తులు పేరుకుని పూడిపోకూడదు.

ఈ రెండూ ఒకే పదార్థంలో దొరకడం కష్టం. పాలిసల్ఫోన్ గట్టిది, కానీ నీటికి తడవదు. అలాంటి ఉపరితలానికే మాంసకృత్తులు అతుక్కుంటాయి. పాలివినైల్ పైరోలిడోన్ నీటిని ఎంత ఇష్టపడుతుందంటే, విడిగా ఉంటే అందులోనే కరిగిపోతుంది. అందుకే చాలా డయలైజర్లలో రెంటినీ కలిపి దారం తీస్తారు.

అసలు కిటుకు తయారీలో ఉంది. ద్రావణంగా ఉన్న పాలిమర్ నీటిని తాకగానే ద్రావణి బయటకు, నీరు లోపలికి వెళ్తాయి. పాలిమర్ రంధ్రాలతో గడ్డకడుతుంది. 1960 ప్రాంతంలో అమెరికాలో సిడ్నీ లోబ్, భారత్‌లో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ ఈ దారిలోనే సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే సెల్యులోజ్ ఎసిటేట్ పొర చేశారు. నీరు మరీ వేగంగా చొరబడితే లోపల వేళ్ల ఆకారంలో పొడవాటి ఖాళీలు ఏర్పడి పొర బలహీనపడుతుంది. చొరబాటు నెమ్మదిస్తే స్పాంజిలాంటి గట్టి నిర్మాణం వస్తుంది. పాలివినైల్ పైరోలిడోన్ తగినంత వేస్తే ద్రావణం చిక్కబడి ఆ ఖాళీలు తగ్గుతాయి.

అయితే పాలివినైల్ పైరోలిడోన్ కొంత కొంతగా కొట్టుకుపోతుంది. ఇలాంటి పొరల్నే వాడే నీటిశుద్ధి ప్లాంట్లలో వాటిని క్లోరిన్ ద్రావణంతో కడిగినప్పుడు విరిగిపోతుంది కూడా. టైటానియం డయాక్సైడ్ నానోరేణువులు కలిపితే? కాస్త మేలే. ఎక్కువైతే ఉండకట్టి, ఆ ఉండల దగ్గరే పగులు మొదలవుతుంది.

ఎంత కలిపామన్నదాని కన్నా కలిపింది ఎక్కడ నిలిచిందన్నదే ముఖ్యమని ఎంఐటీలో ఆన్ మేయెస్ బృందం 1999లో చూపింది. వాళ్లు పీవీడీఎఫ్ అనే గట్టి పాలిమర్‌లో దువ్వెన ఆకారపు అణువుల్ని కలిపారు. ఆ దువ్వెన వెన్ను పీవీడీఎఫ్‌తో పెనవేసుకుంటుంది, పళ్లు నీటిని కోరుకుంటాయి. పొర నీటిలో గడ్డకట్టేటప్పుడు అవి వాటంతటవే ఉపరితలానికి చేరతాయి. లోపలి బలం లోపలే ఉంటుంది, మాంసకృత్తులకు మాత్రం నీటి కవచం అడ్డొస్తుంది.

ప్రయోగశాలల్లో ఇలాంటి పొరల్ని ఎక్కువగా ఒక్క పశు అల్బుమిన్‌తోనే కొన్ని గంటలు పరీక్షిస్తారు. నిజమైన మురుగునీటిలో నూనె, బ్యాక్టీరియా, కుళ్లిన ఆకుల రసాయనాలు అన్నీ కలిసే వస్తాయి. నెలల తరబడి ఆ నీటిని వడగట్టి, మళ్లీ మళ్లీ క్లోరిన్‌తో కడిగిన తర్వాతి బలాన్ని కూడా కొలవాలి.