విశ్రాంతిలో ఉన్న పిన్ను

యంత్రానికి పని చెప్పడం నేర్చుకున్న విద్యార్థి, పని లేనప్పుడు అది ఏ స్థితిలో ఉండవలెనో చెప్పడం తరచుగా మరచిపోతాడు. ఆ మరపు ఎంత ప్రమాదకరమో మాకు ప్రయోగశాలలోనే తెలియవచ్చింది.

ఆర్డువినో ఉనో బోర్డుకు ఒక రిలేను, దానికి ఒక చిన్న మోటారును కలిపాము. పిన్నుపై సున్నా వోల్టేజి ఉంటే ఆ రిలే పనిచేస్తుంది. 5 వోల్టులుంటే ఊరకుంటుంది. విద్యుత్తు ఇచ్చిన ప్రతిసారీ, మేము ఆజ్ఞ ఇవ్వకముందే, మోటారు కొద్దిసేపు తిరిగి ఆగేది. ఒకనాడు తీగలు సరిచేస్తున్న మిత్రుడు ఉలిక్కిపడి చేయి వెనుకకు తీసుకున్నాడు.

దోషం ఎక్కడున్నది? ఈ బోర్డులోని అట్‌మెగా 328పి చిప్‌లో ప్రతి పిన్నుకూ రెండు నిర్ణయాలుంటాయి. ఒకటి దిశ: సంకేతం లోపలికా, బయటికా అన్నది. రెండవది విలువ: 0 లేక 1. రీసెట్ కాగానే రెండూ సున్నాలే. అనగా పిన్ను లోపలి దిశలో, ఏ వోల్టేజికీ కట్టుబడక తేలుతూ ఉంటుంది. మేము ముందుగా దిశను బయటికి మార్చి, తరువాత సెన్సారును సిద్ధపరచి, చివరకు 1 వ్రాశాము. ఆ నడిమి కాలమంతా పాత సున్నాయే వెలువడింది. రిలే దానినే ఆజ్ఞగా గ్రహించింది.

వరుస మార్చి, ముందు విలువను, పిమ్మట దిశను వ్రాశాము. మోటారు కదలలేదు.

అయితే రీసెట్ సమయంలో ప్రోగ్రాము ఇంకా మేలుకొని ఉండదు. అప్పుడు పిన్నుకూ 5 వోల్టులకూ నడుమ కలిపిన 10 కిలో ఓముల నిరోధకమే కాపలాదారు. సంకేతాన్ని చదివే పిన్నుకు కూడా ఇట్టి ఆధారం కావలెను. ఈ చిప్ 5 వోల్టులతో నడిచేటప్పుడు 1.5 వోల్టుల లోపు 0గాను, 3 వోల్టుల పైన 1గాను చదువుతుంది. నడుమ ఉన్నదానికి తీర్పు అనిశ్చితం. తేలుతున్న పిన్ను దగ్గరకు చేయి వచ్చినా విలువ మారవచ్చును.

సంభాషణలోనూ మౌనానికి అర్థమున్నది. చిప్‌ల నడుమ సీరియల్ తీగ విశ్రాంతిలో 1గా ఉంటుంది. అది 0కు దిగడమే అక్షరానికి ఆరంభం. డ్రైవరు ప్రోగ్రాము ఆ తీగను 0లో వదలివేస్తే, అవతలి యంత్రం రాని మాటను విన్నట్లు భ్రమిస్తుంది.

కావున విద్యార్థి మిత్రులారా, ప్రోగ్రాము వ్రాయుటకు ముందే ప్రతి పిన్ను విశ్రాంతి స్థితిని కాగితంపై వ్రాసుకొనండి. పని ముగిసిన వెంటనే పిన్నును ఆ స్థితికే చేర్చండి. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే: ప్రయోగశాలకు ఒక పెట్టెడు నిరోధకాలు ఇప్పించండి. వాటి వెల స్వల్పం. అవి కాపాడే వేళ్ల విలువ స్వల్పం కాదు.