సెలవుకు ముందు మూడు నెలలు... జాగ్రత్త!

పెళ్లయి నాలుగేళ్లు. అందులో భార్యాభర్తలు కలిసి ఉన్నది రెండు సెలవులు, మొత్తం నాలుగు నెలలు. అయినా ఊళ్లో అందరూ అడిగేది ఆమెనే... ‘ఇంకా విశేషమేం లేదా?’ అని. ఆస్పత్రుల చుట్టూ తిరిగేది ఆమే, ఉపవాసాలు ఉండేది ఆమే, మాటలు పడేది ఆమే. గల్ఫ్‌లో ఉన్న భర్తకూ పరీక్ష చేయించాలన్న ఆలోచన చాలా ఇళ్లలో చివరికి గానీ రాదు. ‘మగోడికి టెస్టులేంది?’ అనేస్తారు.

సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవారి వైపు కూడా కారణం ఉంటుందని వైద్యులు చెబుతున్నారు. మనవాళ్లు ఇక్కడ చేసే పని కూడా అందులో ఒక కారణం కావచ్చు. ఎవరినీ భయపెట్టడం మా ఉద్దేశం కాదు. తెలిస్తే చాలావరకు తప్పించుకోగల ముప్పు గనుక చెబుతున్నాం.

ఏ పనిలో ఏ లోహం?

జెడ్డాకు ఉత్తరాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, ఎర్ర సముద్రం ఒడ్డున ఉంది రాబిగ్. సౌదీ అరామ్కో, జపాన్‌కు చెందిన సుమిటోమో కెమికల్ కలిసి 2005లో ఇక్కడ పెట్రో రాబిగ్‌ను ఏర్పాటు చేశాయి. 2009లో ఉత్పత్తి మొదలైంది. విద్యుత్ కేంద్రం, సిమెంటు ఫ్యాక్టరీ కూడా ఉన్నాయి. ఇలాంటి పారిశ్రామిక పట్టణాల్లో నిర్మాణానికైనా, షట్‌డౌన్ పనులకైనా వెల్డర్లు, ఫ్యాబ్రికేటర్లు, పైప్ ఫిట్టర్లు, పెయింటర్లు, హెల్పర్లు కావాలి. గల్ఫ్ అంతటా మనవాళ్లు ఎక్కువగా కనిపించేది ఈ పనుల్లోనే.

స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్ పొగలో క్రోమియం, నికెల్ ఉంటాయి. పాత రెడ్ లెడ్ ప్రైమర్ గీకినా, గ్రైండింగ్ చేసినా, పెయింటు ఉన్న ఉక్కును గ్యాస్‌తో కోసినా సీసం గాల్లో కలుస్తుంది. హెవీ ఆయిల్ మండించే బాయిలర్లను శుభ్రం చేసేటప్పుడు లేచే బూడిదలో వెనేడియం, నికెల్ ఉంటాయి. ఇక సిగరెట్ తాగేవాళ్లకు కాడ్మియం అదనం.

హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఏం చూశారు?

‘పొగే కదా, ఏమైతది’ అనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు ఇతరులతో కలిసి చేసిన అధ్యయనం ఒకటి 2003లో అచ్చయింది. దక్షిణ భారతంలోని ఒక ప్లాంటులో పనిచేసే 57 మందిని, లోహాలతో సంబంధం లేని మరో 57 మందితో పోల్చారు. మామూలు వాళ్లలో మిల్లీలీటరు వీర్యానికి సగటున 6 కోట్ల 28 లక్షల కణాలు ఉంటే, వెల్డింగ్ ప్లాంటు వాళ్లలో కోటీ 45 లక్షలే ఉన్నాయి. రక్తంలో క్రోమియం పెరిగే కొద్దీ కణాల సంఖ్య తగ్గింది. నికెల్ పెరిగే కొద్దీ కణాల తోకల్లో లోపాలు పెరిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస ప్రమాణం మిల్లీలీటరుకు కోటీ 60 లక్షలు.

అన్ని అధ్యయనాలూ ఇంత తేడా చూపలేదు. వెల్డర్లకు పిల్లలు పుట్టరని దీనర్థం కానే కాదు. పొగ ఎంత పీలుస్తున్నాం, ఎన్నాళ్లుగా పీలుస్తున్నాం అన్నదాన్ని బట్టి ముప్పు మారుతుంది.

సీసం సంగతి మరింత గట్టిగా రుజువైంది. పిల్లలు కావాలనుకునే కార్మికుల రక్తంలో, మగవారైనా ఆడవారైనా, డెసీలీటరుకు 30 మైక్రోగ్రాములకు మించి సీసం ఉండకూడదని అమెరికా 1978లోనే చెప్పింది. ఇప్పటి వైద్యులు అంతకంటే చాలా తక్కువ ఉండాలంటున్నారు.

74 రోజుల లెక్క

మనవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. బయటికి రావడానికి మరో వారం, రెండు వారాలు. మొత్తం మూడు నెలలు అనుకోండి. సెలవేమో రెండు నెలలు. అంటే ఇంటికెళ్లిన మనిషిలో ఉన్నవి సైట్‌లో పొగ పీల్చిన రోజుల్లో మొదలైన కణాలే. ఇంటి దగ్గర మంచి గాలిలో మొదలైన కణాలు సిద్ధమయ్యేసరికి ఆయన మళ్లీ విమానం ఎక్కేస్తాడు!

అందుకే సెలవుకు ముందు మూడు నెలలు ఎంతో విలువైనవి. వీలైతే ఫోర్‌మన్‌ను అడిగి ఆ రోజుల్లో పొగ, దుమ్ము తక్కువుండే పనికి మారండి. కుదరకపోతే ఈ జాగ్రత్తలైనా తప్పక పాటించండి:

* ముఖానికి టవల్ చుట్టుకుంటే లోహపు పొగ ఆగదు. ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ ఇవ్వమని సేఫ్టీ ఆఫీసర్‌ను అడగండి. గడ్డం పెరిగి ఉంటే అది ముఖానికి అతుక్కోదు.
* పొగ మీదకు వంగి వెల్డింగ్ చేయొద్దు. ట్యాంకుల్లో, ఇరుకు చోట్ల ఎగ్జాస్ట్ పెట్టాకే పని మొదలుపెట్టండి.
* చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోకుండా తినొద్దు, టీ తాగొద్దు. సిగరెట్ మానేస్తే మరీ మంచిది.
* డ్యూటీ బట్టలతో క్యాంపు మంచం ఎక్కొద్దు. వాటిని విడిగా ఉతకండి.
* ఎక్కువ వేడి కూడా వీర్యకణాలకు పడదు. వేడి పని మధ్యలో నీడకు వెళ్లి నీళ్లు తాగండి.

సీసం పని చేసినవాళ్లు రక్త పరీక్ష అడగండి. గల్ఫ్ వచ్చే ముందు చేసే మెడికల్‌లో లోహాల పరీక్ష ఉండదు. రక్తంలో సీసం సగమయ్యేందుకు నెల రోజుల దాకా పడుతుంది గానీ, ఎముకల్లో చేరింది ఏళ్లకేళ్లు ఉండిపోతుంది.

ఇంటికెళ్లాక...

వెళ్లిన మొదటి వారంలోనే వీర్య పరీక్ష చేయించుకోండి. ఖర్చు తక్కువ, నొప్పి ఉండదు. పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండాలి. ఒక్క రిపోర్టు తేడాగా వస్తే కుంగిపోవద్దు, మళ్లీ చేయిస్తారు. డాక్టర్‌కు మీ పనేమిటో, ఏ లోహంతో ఎన్నేళ్లు చేశారో చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.

ఏడాది పాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతేనే సంతానలేమి అంటారు. నెలలో గర్భం వచ్చే వీలున్నవి ఆరు రోజులే. రెండు నెలల సెలవులో ఫలితం రాలేదని ఎవరి మీదా ముద్ర వేయొద్దు.

గోడల మీద రాతలు చూసి ‘వీర్యవృద్ధి’ మందులు కొనేవాళ్లకు ఒక మాట. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ దొరికినట్టు 2008లో అమెరికా వైద్య పత్రిక ‘జామా’లో వచ్చింది. ఏ విషం నుంచి తప్పించుకోవాలనుకున్నామో దాన్నే డబ్బులిచ్చి మింగినట్టవుతుంది.

సౌదీలో ప్రైవేటు యజమాని ప్రవాస కార్మికుడి పేరిట జీతంలో 2 శాతం సామాజిక బీమా సంస్థ ‘గోసీ’కి కట్టాలి. పని వల్ల వచ్చే జబ్బులూ దాని కిందికే వస్తాయి. అందుకే మెడికల్ రిపోర్టులను, ఏ సైట్‌లో ఎన్నాళ్లు చేశారన్న కాగితాలను పారేయొద్దు. సమస్య వస్తే జెడ్డాలోని భారత కాన్సులేట్‌ను సంప్రదించవచ్చు.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘నువ్వు టెస్టు చేయించుకున్నవా?’ అని ఆమెను అడిగే ముందు ‘ముందు నేను చేయించుకుంటా’ అనండి. ఇన్నేళ్లుగా ఆమె ఒక్కతే మోస్తున్న బరువు సగమైనా దిగుతుంది.